ఖైదీల సందిగ్ధం నిజమైతే కార్టెల్స్ ఏళ్ల తరబడి ఎలా నిలబడుతున్నాయి?

సుధ_ఎకో

అందరికీ నమస్కారం. ఎంఏ మొదటి ఏడాది చదువుతున్నా. ఆలిగోపలీ (కొద్ది కంపెనీలే ఉండే మార్కెట్) చాప్టర్‌లో ఒకచోట బండి ముందుకు కదలడం లేదు. ఎవరైనా విడమరిచి చెబుతారేమోనని అడుగుతున్నా.

పుస్తకంలో ఖైదీల సందిగ్ధం లెక్క ఇలా ఉంది. ఒకే సరుకు అమ్మే కంపెనీలు రెండు. ఇద్దరూ ధర ఎక్కువగానే ఉంచితే చెరో 10 లాభం. ఒకరు ఎక్కువ ఉంచి మరొకరు తగ్గిస్తే, తగ్గించినవాళ్లకు 15, ఉంచినవాళ్లకు 2. ఇద్దరూ తగ్గిస్తే చెరో 5. అవతలివాళ్లు ఏం చేసినా మనకు తగ్గించడమే లాభం. 10 బదులు 15 వస్తుంది, 2 బదులు 5 వస్తుంది. వాళ్ల లెక్కా అదే. కాబట్టి ఇద్దరూ ధర తగ్గించి చెరో 5తో సరిపెట్టుకుంటారు, అదే నాష్ సమతౌల్యం, అంటే ఒక్కరే మారితే ఎవరికీ లాభం లేని స్థితి అన్నారు. ఇంతవరకు బాగానే ఉంది.

పేజీ తిప్పగానే లైసిన్ కార్టెల్ (ధరల కోసం కుమ్మక్కైన కంపెనీల గుంపు) కథ. పశువుల దాణాలో కలిపే అమైనో యాసిడ్‌ని ప్రపంచమంతా అమ్మే కంపెనీలు 1992 నుంచి 1995 దాకా కూడబలుక్కుని ధరలు పెంచాయట. విటమిన్ల కార్టెల్ 1990ల దశాబ్దం దాదాపు మొత్తం నడిచింది. చమురు ఎగుమతి దేశాల కూటమి ఒపెక్ 1960 నుంచీ ఉంది. పై లెక్క ప్రకారం ఇవన్నీ మొదటి రోజే పేకమేడలా కూలిపోవాలి కదా?

లెక్కల మాస్టారు

సుధ గారూ, మీ టేబుల్ ఒక్కసారి ఆడి లేచిపోయేవాళ్లది. కంపెనీలు ఎక్కడికీ పోవు. వచ్చే నెల మళ్లీ అదే ధర, మళ్లీ అదే ఎదుటివాడు. దీన్ని పునరావృత క్రీడ అంటారు, ఇక్కడ లెక్కే మారిపోతుంది.

మీ అంకెలతోనే చేద్దాం. వచ్చే నెల లాభానికి ఈ నెలలో మీరిచ్చే విలువను డెల్టా అనుకోండి. 0కి, 1కి మధ్య ఉంటుంది. ఇద్దరూ ఒక మాట అనుకున్నారు: ధర ఎక్కువగానే ఉంచుదాం, ఎవరైనా ఒక్కసారి తగ్గిస్తే ఇక ఎప్పటికీ నమ్మేది లేదు, తగ్గించుకుంటూనే పోదాం. మాట మీద ఉంటే నెలనెలా 10, అన్నీ కలిపితే 10/(1−డెల్టా). మాట తప్పితే ఈ నెల 15, ఆపైన జీవితాంతం 5, అంటే 15 + 5×డెల్టా/(1−డెల్టా). రెండూ పోల్చి చూడండి. డెల్టా 0.5 గానీ అంతకంటే ఎక్కువ గానీ అయితే మాట మీద ఉండటంలో నష్టం లేదు. ఎవరి మంచితనంతోనూ పని లేదు, ఇద్దరూ ఎంత స్వార్థపరులైనా ఇది నిలుస్తుంది.

ఇప్పుడు ఒక్క చిన్న మార్పు చేద్దాం. మీరు ధర తగ్గించిన సంగతి అవతలివాడికి వెంటనే తెలియదు, రెండు నెలలు పడుతుంది. అంటే మోసం చేసినవాడు 15ను రెండుసార్లు జేబులో వేసుకుంటాడు. మళ్లీ లెక్క వేస్తే డెల్టా వర్గం 0.5 దాటాలి, అంటే డెల్టా 0.71 దాకా ఉండాలి. మోసం బయటపడటం ఆలస్యమయ్యే కొద్దీ కుమ్మక్కు నిలబడటం కష్టమవుతుంది.

నిజం కార్టెల్స్‌ని దగ్గర నుంచి చూస్తే వాళ్ల శ్రమంతా ఈ ఆలస్యాన్ని తగ్గించడం మీదే పెట్టారని తెలుస్తుంది. లైసిన్ వ్యవహారంలో ఎవరు ఎన్ని టన్నులు అమ్మాలో కోటాలు రాసుకున్నారు, నెలనెలా అమ్మకాల లెక్కలు ఒకచోటికి పంపుకున్నారు. దాదాపు అదే కాలంలో నడిచిన సిట్రిక్ యాసిడ్ కార్టెల్‌లో ఇంకో మెట్టు ఎక్కారు: ఏడాది చివర కోటా కంటే ఎక్కువ అమ్మినవాడు తక్కువ అమ్మినవాడి దగ్గర సరుకు కొని తేడా సరిచేయాలి. పద్ధతిగా నడిచే సహకార సంఘంలో కూడా అంత శ్రద్ధ కనపడదు.

ఇంకో షరతు ఉంది. ఆట ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలియకూడదు. తెలిసిందా, చివరి నెల ఎలాగూ శిక్ష లేదు కాబట్టి ఇద్దరూ తగ్గిస్తారు. అప్పుడు అంతకు ముందు నెలలో మాట మీద ఉండటానికి కారణం ఉండదు, దాని ముందు నెలలోనూ ఉండదు, అలా వెనక్కి వెనక్కి ఊడుతూ మొదటి నెలకు వచ్చేస్తుంది. ఆర్థికవేత్త జెల్టెన్ 1978లో గొలుసు దుకాణాల వైరుధ్యం అని రాసింది ఈ వెనకనుంచి విప్పుకొచ్చే తర్కం గురించే. తర్కంలో లోపం లేదు, అయినా దాన్ని పాటించే మనిషి కనపడడు అని ఆయనకే అనిపించింది.

మౌనవ్రతం

అంటే కార్టెల్ నడపడానికి నమ్మకస్తులైన స్నేహితులు అక్కర్లేదు, మంచి అకౌంటెంట్ ఒకడు చాలు.

కోడ్‌కుర్రోడు

మాస్టారూ, లెక్క చక్కగా ఉంది. ఒక్కటి మాత్రం మీరు చెప్పలేదు. ఫోక్ థీరమ్ (పదేపదే ఆడే ఆటల గురించిన సిద్ధాంతం) ప్రకారం డెల్టా తగినంత ఎక్కువైతే నెలకు 10 వచ్చే ఒప్పందం ఒక్కటే కాదు, 9 వచ్చేదీ 6.5 వచ్చేదీ సమతౌల్యాలే. ఒక నెల నువ్వు, ఒక నెల నేను అనేదీ సమతౌల్యమే. మొదటి రోజు నుంచీ కొట్టుకు చావడమూ సమతౌల్యమే. కార్టెల్ నిలబడితే "చూశారా, సిద్ధాంతం చెప్పింది" అంటారు, కూలితే "అదీ చెప్పింది" అంటారు. ఏం జరిగినా ఒప్పయ్యే సిద్ధాంతం జాతకం లాంటిదే కదా.

అసలు ఈ ఆటను మొదటిసారి మనుషులతో ఆడించినప్పుడే తేడా కొట్టింది. 1950 జనవరిలో అమెరికాలోని రాండ్ పరిశోధన సంస్థలో మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్ ఇద్దరితో వందసార్లు ఆడించారు. ఆడినవాళ్లు ఎవరో దారినపోయే దానయ్యలు కాదు. ఒకరు ఆర్మెన్ ఆల్చియన్, ఆర్థికవేత్త. రెండోవారు జాన్ విలియమ్స్, రాండ్ గణిత విభాగం అధిపతి. వందలో 60 సార్లు ఇద్దరూ సహకరించుకున్నారు. నాష్ లెక్క ప్రకారం సున్నాసార్లు సహకరించాలి.

లెక్కల మాస్టారు

> నాష్ లెక్క ప్రకారం సున్నాసార్లు సహకరించాలి

దీనికి ఆ సమతౌల్యం కనిపెట్టిన గణితవేత్త నాష్ అప్పుడే జవాబిచ్చాడు. వందసార్లు వరుసగా ఆడితే అవి వంద వేర్వేరు ఆటలు కావు, వంద ఎత్తులున్న ఒకే పెద్ద ఆట, ఒంటరి ఆటకు వేసిన లెక్కతో దాన్ని పరీక్షించినట్టు కాదు అన్నాడు. వంద అని ముందే తెలుసు కాబట్టి కచ్చితమైన తర్కంలో చివరి నుంచి విప్పుకు రావాల్సిందే, ఆ సంగతీ ఒప్పుకున్నాడు. కాకపోతే అన్ని ఎత్తులున్నప్పుడు మనుషులు అలా ఆలోచిస్తారని ఆశించలేం అన్నది ఆయన వాదన.

ఫోక్ థీరమ్ మీద మీ కోపం న్యాయమైనదే. సమతౌల్యాలు లెక్కకు మించి ఉన్నాయి. అందుకే "కార్టెల్ నిలుస్తుందా" అని అడగడం దండగ. "ఏది మారితే నిలవడం తేలికవుతుంది, ఏది మారితే కష్టమవుతుంది" అని అడిగితే సిద్ధాంతం నోరు విప్పుతుంది.

ఉదాహరణకి 1880 నుంచి 1886 దాకా అమెరికాలో షికాగో నుంచి తూర్పు తీరానికి ధాన్యం మోసే రైల్వే కంపెనీలన్నీ జాయింట్ ఎగ్జిక్యూటివ్ కమిటీ పేరుతో బహిరంగంగానే కార్టెల్ నడిపాయి. కుమ్మక్కును నిషేధించే షెర్మన్ చట్టం 1890లో గానీ రాలేదు కాబట్టి దాచుకోవాల్సిన అవసరం లేదు. ఎవరెంత సరుకు మోశారో వారంవారం లెక్కలు అచ్చయ్యేవి, అందుకే ఆర్థికవేత్తలకు అది బంగారు గని. ఆ లెక్కల్లో ఏం కనపడుతుందంటే, కొన్నాళ్లు ధర నిలకడగా ఉంటుంది, ఉన్నట్టుండి ధరల యుద్ధం, కొన్ని వారాల తర్వాత మళ్లీ సర్దుబాటు.

ఎందుకలా? ఆర్థికవేత్తలు గ్రీన్, పోర్టర్ 1984లో ఇచ్చిన వివరణ ఇది. నా సరుకు తగ్గింది. గిరాకీ పడిపోయిందా, పక్కవాడు చాటుగా రేటు కోశాడా? నాకు తెలిసే దారి లేదు. ఎవరూ మోసం చేయకపోయినా, గిరాకీ పడినప్పుడు ఎంతో కొంత శిక్ష అమలు చేయకపోతే రేపు నిజంగానే మోసం చేయడానికి అందరికీ ధైర్యం వస్తుంది. అందుకే కొన్నాళ్లు కొట్టుకోవడం, మళ్లీ కలవడం, రెండూ ఒప్పందంలో భాగాలే. యుద్ధం వచ్చింది కదా కార్టెల్ చచ్చిందని అనుకోకూడదు. ఒక్కోసారి అది బతికి ఉందనడానికి గుర్తే అది.

కోడ్‌కుర్రోడు

గిరాకీ పడినప్పుడు యుద్ధం అని గ్రీన్, పోర్టర్. రోటెంబర్గ్, సలోనర్ 1986లో దానికి సరిగ్గా తిరగేసి రాశారు: గిరాకీ బాగా ఉన్నప్పుడే మోసం చేస్తే ఎక్కువ దండుకోవచ్చు కాబట్టి అప్పుడే ధరలు పడతాయి. ఏ జవాబు కావాలంటే ఆ మోడల్ అరలో దొరుకుతుంది.

లెక్కల మాస్టారు

తేడా ఎక్కడుందో చూడండి. మొదటిదాంట్లో గిరాకీ ఎంతో ఎవరికీ కనపడదు. రెండోదాంట్లో అందరికీ కనపడుతుంది. మార్కెట్‌లో సమాచారం ఎవరి దగ్గర ఎంత ఉందో తెలిస్తే ఏ మోడల్ వాడాలో తేలుతుంది. డాక్టర్ ఒకే జ్వరానికి రెండు మందులు రాస్తాడు కదా, ముందు రక్తపరీక్ష చేయించి.

పిటిషనర్

కాంపిటీషన్ చట్టం కేసులు చూస్తుంటాను కాబట్టి ఇక్కడ నాకు తెలిసిన కోణం ఒకటి చెబుతా. మాస్టారు చెప్పిందంతా కంపెనీలు ఖైదీల సందిగ్ధంలోంచి ఎలా బయటపడతాయని. ప్రభుత్వాలు చేసే పని దానికి ఎదురు: బయటపడినవాళ్లను మళ్లీ లోపలికి తోయడం.

దాన్నే లీనియెన్సీ అంటారు. కుమ్మక్కులో ఉన్న కంపెనీల్లో ముందుగా వచ్చి ఒప్పేసుకుని ఆధారాలిచ్చినవాళ్లకు శిక్ష మాఫీ. రెండోవాళ్లకు మాఫీ లేదు, మహా అయితే తగ్గింపు. అమెరికాలో ఈ విధానం 1978 నుంచీ ఉన్నా ఏడాదికి సుమారు ఒక్క దరఖాస్తు వచ్చేది. కారణం, ఒప్పుకున్నా మాఫీ ఇస్తారో లేదో అధికారుల ఇష్టం. 1993లో రూల్ మార్చారు. దర్యాప్తు మొదలవకముందే వస్తే మాఫీ ఖాయం, మొదలయ్యాక వచ్చినా అవకాశం ఉంది, కంపెనీతో పాటు సహకరించిన అధికారులకూ జైలు తప్పుతుంది. దరఖాస్తులు నెలకు ఒకటి దాటాయి. నేరం అదే, నేరస్తులూ అలాంటివాళ్లే. మారింది ఫలితాల టేబుల్‌లో అంకెలు.

విటమిన్ల కేసులో ఏం జరిగిందో చూడండి. రోన్-పూలెంక్ ముందుగా అమెరికా అధికారుల దగ్గరికి వెళ్లి నోరు విప్పింది, శిక్ష తప్పించుకుంది. హాఫ్‌మన్-లా రోష్ 1999లో 50 కోట్ల డాలర్లు, బీఏఎస్ఎఫ్ 22.5 కోట్ల డాలర్లు జరిమానా కట్టాయి. 2001లో యూరోపియన్ కమిషన్ అన్ని కంపెనీలకూ కలిపి 85.5 కోట్ల యూరోలు వడ్డించింది. నేరంలో అందరూ భాగస్వాములే, కాకపోతే ఒకరు ముందు లేచారు.

మా వృత్తిలో దీనికి మార్కర్ అని ఒక ఏర్పాటు ఉంది. ఆధారాలన్నీ పోగేసుకునే లోపు వరుసలో నంబరు వేయించుకోవచ్చు. బోర్డు మీటింగ్‌లో "ఎదుటి కంపెనీ లాయర్లు ఈపాటికి ఫోన్ చేసి ఉంటారా?" అన్న ప్రశ్న వచ్చాక ఇక ఎవరూ కుదురుగా కూర్చోలేరు. నాష్ పేరు వినని డైరెక్టర్లు కూడా ఆ క్షణంలో నాష్ లెక్కే వేస్తారు.

సుధ_ఎకో

ఇది మా సిలబస్‌లో లేదు, ఉండాల్సింది! మాఫీ రెండోవాళ్లకూ ఇస్తే ఇంకా ఎక్కువమంది ఒప్పుకుంటారు కదా, ఒక్కరికే ఎందుకు?

పిటిషనర్

ఇద్దరికీ ఇస్తే తొందర ఉండదండీ. అవతలివాళ్లు వెళ్లాక నేనూ వెళ్తానులే అని అందరూ కూర్చుంటారు, ఎవరూ కదలరు. పైగా దొరికినా మాఫీ ఖాయమైతే కుమ్మక్కు కావడమే చవక. మాఫీలో దాతృత్వం ఎక్కువైతే కార్టెల్స్‌కి బీమా ఇచ్చినట్టవుతుంది.

పాటగాడు

వేలాల డిజైన్ నాకు ఇష్టమైన సబ్జెక్టు, పేరు చూసి ఇక్కడ భజన బృందం అనుకోకండి. కోడ్‌కుర్రోడు గారు జాతకం అన్నారు కదా, సిద్ధాంతం ఉతికి ఆరేసిన చోటూ సిద్ధాంతాన్ని ఉతికి ఆరేసిన చోటూ రెండూ స్పెక్ట్రమ్ వేలాల్లోనే ఉన్నాయి.

1990లో న్యూజిలాండ్ ప్రభుత్వం రేడియో స్పెక్ట్రమ్‌ని రెండో ధర పద్ధతిలో వేలం వేసింది. ఆర్థికవేత్త విక్రీ 1961లో రాసిన పద్ధతి అది: సీల్డ్ కవర్లు, ఎక్కువ పాడినవాడు గెలుస్తాడు, కట్టాల్సింది మాత్రం రెండోవాడి మొత్తం. అబద్ధం చెప్పి లాభం లేదు కాబట్టి ఎవరికి ఎంత విలువ ఉందో అంతే రాస్తారు. కాగితం మీద దీనికి తిరుగులేదు. జరిగింది ఏమిటంటే, ఒక కంపెనీ లక్ష డాలర్లు పాడి 6 డాలర్లు కట్టింది. ఇంకోటి 70 లక్షలు పాడి 5,000 కట్టింది. గట్టిగా పోటీ పడే రెండో మనిషే లేడు, కనీస ధర పెట్టలేదు. పత్రికలు ఊరుకుంటాయా? సిద్ధాంతంలో పోటీదారులు తగినంతమంది ఉంటారన్నది అనుకున్న మాట, వాళ్లను ఎవరూ పట్టుకు రాలేదు.

దీనికంటే నాకు నచ్చేది 1999 జర్మనీ వేలం. పది బ్లాకుల మొబైల్ స్పెక్ట్రమ్, గట్టిగా తలపడేవాళ్లు ఇద్దరే: మనెస్మన్, టీ-మొబైల్. మాట్లాడుకోవడం నిషేధం. రూల్ ఏంటంటే ఉన్న పాట మీద పెంచాలంటే కనీసం 10 శాతం పెంచాలి. మొదటి రౌండ్‌లో మనెస్మన్ 6 నుంచి 10 బ్లాకులకు మెగాహెర్ట్జ్‌కి 2 కోట్ల మార్కులు పాడింది, 1 నుంచి 5 బ్లాకులకు 1.818 కోట్ల మార్కులు పాడింది. 1.818 ఏంటి, ఆ వింత అంకె ఎందుకు? దానికి 10 శాతం కలపండి. దాదాపు 2 కోట్లు.

టీ-మొబైల్‌కి అర్థమైపోయింది. రెండో రౌండ్‌లో మొదటి అయిదింటిని 2 కోట్లకు పెంచి, మిగతా అయిదింటి జోలికి పోలేదు. ఆ తర్వాత ఇద్దరూ చేతులు కట్టుకు కూర్చున్నారు. వేలం రెండు రౌండ్లలో ఖతం, చెరో అయిదు. ఫోన్ లేదు, హోటల్ మీటింగ్ లేదు. ఉత్తరం రాయడానికి పాటలోని అంకెలే సరిపోయాయి.

మౌనవ్రతం

పది శాతం రూల్ రాసినవాడు ఆ రాత్రి నిద్రపోయి ఉండడు.

పాటగాడు

అమెరికాలో అయితే ఇంకా బరితెగించారు. 1990ల నడుమ జరిగిన ఒక వేలంలో మిన్నెసోటాలోని రోచెస్టర్ ప్రాంతం లైసెన్స్ నంబరు 378. దాని కోసం యూఎస్ వెస్ట్, మెక్‌లియోడ్ కంపెనీలు పోటీ పడుతున్నాయి. యూఎస్ వెస్ట్ ఉన్నట్టుండి తనకు పనిలేని అయోవా లైసెన్సుల మీద, అప్పటిదాకా మెక్‌లియోడ్ ముందున్న చోట్ల, 3,13,378 డాలర్లు, 62,378 డాలర్లు అని పాడింది. చివరి మూడంకెలు చూడండి. "378 వదలకపోతే నీ చోట్లకొచ్చి కెలుకుతా" అని సందేశం. మెక్‌లియోడ్ తప్పుకుంది. తర్వాత ఇష్టమొచ్చిన అంకె టైపు చేసే వీలు తీసేసి, ఇచ్చిన మొత్తాల్లోంచి ఒకటి ఎంచుకునే పద్ధతి పెట్టారు.

ఇక సిద్ధాంతం గెలిచిన చోటు. 2000లో బ్రిటన్ 3జీ వేలం, సలహా ఇచ్చింది కెన్ బిన్‌మోర్, పాల్ క్లెంపరర్ బృందం. పాత కంపెనీలు నాలుగు. లైసెన్సులు అయిదు పెట్టి, అందులో ఒకటి కొత్తవాళ్లకే అని రాశారు. కొత్తవాళ్లకు గెలిచే ఆశ ఉంది కాబట్టి మొత్తం పదమూడు మంది వచ్చారు, 150 రౌండ్లు నడిచింది, 2,250 కోట్ల పౌండ్లు వచ్చాయి. అదే ఏడాది నెదర్లాండ్స్‌లో పాత కంపెనీలు అయిదు, లైసెన్సులూ అయిదే పెట్టారు. కొత్తవాడు గెలవడని అందరికీ తెలుసు, ఇక ఎవరొస్తారు? వేలం చప్పబడిపోయింది, వచ్చిన సొమ్ము 300 కోట్ల యూరోలు కూడా దాటలేదు. వేలంలో ఎవరు ఎలా పాడతారన్నది తర్వాతి సంగతి, అసలు గుమ్మం దాకా ఎవరొస్తారన్నదే ముందు చూసుకోవాలి.

కోడ్‌కుర్రోడు

ఇవన్నీ బాగున్నాయి. కానీ ఒకటి గమనించారా, మీరిద్దరూ చెప్పినవాటిలో ఆడేవాళ్లు లాయర్లనూ కన్సల్టెంట్లనూ పెట్టుకున్న పెద్ద కంపెనీలు. మామూలు మనుషులు సమతౌల్యం లెక్క వేస్తారా? నాకు నమ్మకం లేదు.

లెక్కల మాస్టారు

ఇక్కడే తేల్చుకుందాం. 0 నుంచి 100 లోపు ఒక సంఖ్య అనుకోండి. అందరి సంఖ్యల సగటు తీసి, అందులో మూడింట రెండు వంతులకు ఎవరిది దగ్గరగా ఉంటే వాళ్లు గెలిచినట్టు. ఇక్కడ పోస్టు చేయకండి, పైవాళ్లది చూసి వేస్తే ఆట మారిపోతుంది. నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి. రేపు సాయంత్రం దాకా సమయం. నేను ఆడను.

రాత్రిబండి

కొత్త మెంబర్‌ని. బహుమతి ఉందా?

లెక్కల మాస్టారు

పేరు ప్రతిష్ఠలు.

లెక్కల మాస్టారు

ఆరుగురు పంపారు. కోడ్‌కుర్రోడు 0, పిటిషనర్ 14, సుధ 22, పాటగాడు 25, మౌనవ్రతం 33, రాత్రిబండి 67. మొత్తం 161, సగటు 26.83, అందులో మూడింట రెండు వంతులు 17.89. పిటిషనర్ గారికి 3.89 దూరం, సుధ గారికి 4.11. వకీలు గారు వెంట్రుకవాసిలో గెలిచారు.

నాష్ సమతౌల్యం మాత్రం 0. ఎంత సగటైనా దాంట్లో మూడింట రెండు వంతులే వేయాలి, అది తెలిసినవాళ్లు మళ్లీ మూడింట రెండు వంతులు, అలా సున్నా దాకా జారాల్సిందే. సమతౌల్యాన్ని నమ్మనని దెబ్బలాడిన మనిషే సమతౌల్యం ఆడి ఓడిపోయాడు.

కోడ్‌కుర్రోడు

నేను కావాలనే వేశాను, నా పాయింటు రుజువు కావడానికి.

మౌనవ్రతం

ఓడిపోయి గెలిచిన మొదటి మనిషివి నువ్వే తమ్ముడూ.

లెక్కల మాస్టారు

రోజ్‌మేరీ నాగెల్ 1995లో ఇదే ఆట ప్రయోగశాలలో ఆడించింది. అక్కడా 33 దగ్గరా 22 దగ్గరా గుంపులు కట్టారు. మిగతావాళ్లు గుడ్డిగా వేస్తారు, సగటు 50 వస్తుంది అనుకుంటే 33. అందరూ అంతే ఆలోచిస్తారనుకుంటే 22. ఇంకో మెట్టు దిగితే 14, 15. మౌనవ్రతం ఒక మెట్టు, సుధ గారు రెండు మెట్లు, పిటిషనర్ మూడు మెట్లు దిగారన్నమాట. గెలవడానికి అందరికంటే లోతుగా దిగక్కర్లేదు, చుట్టూ ఉన్నవాళ్లకంటే ఒక్క మెట్టు దిగితే చాలు.

ఫలితం చూశాక రెండో రౌండ్ పంపమన్నాను. సగటు 11కి పడింది, 67 వేసిన రాత్రిబండి గారు ఈసారి 5 పంపారు. నాగెల్ ప్రయోగంలోనూ ఆడిన కొద్దీ సంఖ్యలు సున్నా వైపే జరిగాయి. మొదటిసారి ఆడేవాళ్ల మీద సమతౌల్యం సరైన జోస్యం కాదు. పదేపదే ఆడి దెబ్బలు తిన్నవాళ్లు చివరికి ఎటు చేరతారో చెప్పడానికి బాగానే పనికొస్తుంది.

కోడ్‌కుర్రోడు

ఈ మాట మీద నాకు పేచీ లేదు. నిజానికి నా అసలు భయం అక్కడే. నేను రాసేది ధరలు నిర్ణయించే సాఫ్ట్‌వేర్. పదేపదే ఆడి నేర్చుకోవడంలో ప్రోగ్రామ్‌ని మించినవాళ్లు లేరు. 2020లో కాల్వానో, మరో ముగ్గురు ఇటాలియన్ ఆర్థికవేత్తలు ఒక పని చేశారు. క్యూ-లెర్నింగ్ అనే, చేసి చూసి ఫలితాన్ని బట్టి నేర్చుకునే మామూలు అల్గారిథమ్‌లను రెండింటిని ఎదురెదురుగా కూర్చోబెట్టి ధరలు పెట్టుకోమన్నారు. వాటికి చెప్పిందల్లా లాభం పెంచుకోమని. కుమ్మక్కు అన్న ఊసే లేదు, ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వీలూ లేదు. పోటీ ధర కంటే బాగా పైన స్థిరపడ్డాయి. ఒకదాని ధర బలవంతంగా తగ్గించి చూస్తే రెండోది వెంటనే తగ్గించి శిక్ష వేసింది, తర్వాత రెండూ మెల్లగా పాత ధరకు ఎక్కాయి. మాస్టారు రైల్వే కంపెనీల గురించి చెప్పిన కొట్టుకుని కలవడం, అచ్చం అదే. ఎవరూ నేర్పలేదు.

పిటిషనర్

మాకు తలనొప్పి అక్కడే. చట్టం శిక్షించేది ఒప్పందాన్ని. ధర ఎక్కువగా ఉండటం నేరం కాదు, ఎదుటివాడి ధర చూసి నా ధర పెట్టుకోవడమూ నేరం కాదు. మాటలూ ఈమెయిళ్లూ సమావేశాలూ దొరికితేనే కేసు. లైసిన్ కేసులో ఎఫ్‌బీఐ చేతికి చిక్కినవి అలాంటివే: లోపలి మనిషి మార్క్ విటేకర్ రహస్యంగా రికార్డు చేసిన మీటింగుల టేపులు. వాటి బలంతోనే లైసిన్ కంపెనీల్లో ఒకటైన ఏడీఎం 1996లో లైసిన్, సిట్రిక్ యాసిడ్ రెంటికీ కలిపి 10 కోట్ల డాలర్లు కట్టింది. రెండు ప్రోగ్రాములు ఒకదాన్నొకటి చూస్తూ ఎక్కిన ధరకు నేను ఏ టేపు తేవాలి?

సుధ_ఎకో

నాకు కొత్త అనుమానం వచ్చింది. మాస్టారు మొదట వేసిన లెక్కలో కంపెనీలు మాట్లాడుకోవాల్సిన అవసరమే కనపడలేదు. డెల్టా 0.5 దాటితే చాలన్నారు. మరి లైసిన్ కంపెనీల పెద్దలు జైలుకెళ్లే ముప్పు పెట్టుకుని హోటళ్లలో ఎందుకు కలిశారు? ఎవరి ఆఫీసులో వాళ్లు కూర్చుని ధర ఎక్కువ ఉంచితే సరిపోయేది కదా.

లెక్కల మాస్టారు

ఈ థ్రెడ్‌లో ఇంతవరకు వచ్చిన ప్రశ్నల్లో నాకు నచ్చింది ఇదే. జవాబు కోడ్‌కుర్రోడి ఫిర్యాదులోనే ఉంది. సమతౌల్యాలు లెక్కకు మించి ఉన్నాయని మనకు చిరాకు. ఆడేవాళ్లకు అంతకంటే చిరాకు. ధర 10 దగ్గర ఉంచాలా, 9 దగ్గరా? కోటా సగం సగమా, పాత అమ్మకాల ప్రకారమా? శిక్ష ఎంత కాలం? వీటిలో ఏదైనా నిలబడుతుంది, కానీ అందరూ ఒకే దాని మీద ఉండాలి. ఒకడు ఒక దాని మీద, ఇంకొకడు మరో దాని మీద ఉంటే మోసం జరగకుండానే యుద్ధం వస్తుంది. హోటల్ మీటింగ్‌లో వాళ్లు తేల్చుకునేది అది. లైసిన్‌లో గొడవ ఎక్కువగా నడిచింది ధర మీద కాదు, ఎవరి వాటా ఎంత అన్నదాని మీదే.

మాట్లాడుకోకుండా తేల్చుకోవాలంటే అందరి కళ్లూ దానంతటదే పడే చోటు ఒకటుండాలి. థామస్ షెల్లింగ్ 1960లో దీని మీద రాశాడు. న్యూయార్క్‌లో ఒక మనిషిని కలవాలి, ఎక్కడో ఎప్పుడో ముందు అనుకోలేదు, ఎక్కడికి వెళ్తారు అని అడిగితే ఎక్కువమంది గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ విచారణ కౌంటర్ దగ్గరికి, మధ్యాహ్నం పన్నెండుకి అన్నారు. జర్మనీ వేలంలో పని అంత తేలికగా ఎందుకు అయిందంటే పది బ్లాకులు, ఇద్దరు మనుషులు. చెరో అయిదు అని ఎవరూ చెప్పక్కర్లేదు.

పాటగాడు

అవును, తొమ్మిది బ్లాకులు పెట్టి ఉంటే ఆ 1.818 సందేశం అంత సాఫీగా వెళ్లేది కాదు. అయిదు ఎవరికి, నాలుగు ఎవరికి అన్న దగ్గర మళ్లీ మొదలయ్యేది. అందుకే డిజైన్ చేసేటప్పుడు సమానంగా తెగని లాట్లు పెట్టమని నా వాదన.

కోడ్‌కుర్రోడు

మరి నా అల్గారిథమ్‌లకు ఆ చోటు ఎలా దొరికింది? వాటికి గ్రాండ్ సెంట్రల్ తెలియదు.

లెక్కల మాస్టారు

వెతికి వెతికి. ఆ ప్రయోగంలో అవి స్థిరపడటానికి లక్షల రౌండ్లు పట్టింది, అది మీకూ తెలుసు. హోటల్‌లో రెండు గంటల్లో తేలే పనికి లక్షల తప్పులు చేశాయి. ఆ మధ్యకాలమంతా కంపెనీకి నష్టమే. ఏ యజమాని అంత కాలం నష్టం భరిస్తాడు?

కోడ్‌కుర్రోడు

మార్కెట్‌లో ఎవరూ నేర్పరు మాస్టారూ. బయట సిమ్యులేషన్‌లో నేర్పి, తయారైనదాన్ని తెచ్చి పెడతారు. అక్కడ లక్ష రౌండ్లంటే టీ తాగి వచ్చేలోపు అయిపోతాయి. పైగా ఇద్దరు పోటీదారులూ ఒకే వెండర్ దగ్గర సాఫ్ట్‌వేర్ కొంటే ఇద్దరి చేతుల్లోనూ ఒకేలా నేర్చినది ఉంటుంది. జర్మనీ పెట్రోల్ బంకుల మీద జరిగిన పరిశోధనలో, రెండే బంకులున్న చోట ఇద్దరూ అలాంటి సాఫ్ట్‌వేర్‌కి మారినట్టు కనిపించాకే మార్జిన్లు పెరిగాయి. ఒక్కరే మారితే పెరగలేదు.

పిటిషనర్

ఒకే వెండర్ అయితే నాకు పట్టుకోవడానికి ఒక కొస దొరికినట్టే. అక్కడ మనిషి ఉన్నాడు, కాంట్రాక్ట్ ఉంది, ఇద్దరి డేటా ఒకే సర్వర్‌లోకి వెళ్తోందా అని అడగొచ్చు. ఇద్దరు పోటీదారుల మధ్య కూర్చుని ఇటు మాట అటు చేరవేసేవాడి మీద చట్టం ఇవాళ కొత్తగా పుట్టలేదు. వేర్వేరు వెండర్లు, వేర్వేరు ప్రోగ్రాములు, అయినా ధర ఒకేచోట ఆగిందనుకోండి, అప్పుడు మాత్రం నా దగ్గర పిటిషన్ డ్రాఫ్ట్ లేదు.

సుధ_ఎకో

డిసర్టేషన్ టాపిక్ దొరికింది. మాస్టారూ, ఆ రైల్వే వారాల లెక్కల మీద ఇదే క్యూ-లెర్నింగ్ ఆడించి చూస్తే ధరల యుద్ధాలు ఎప్పుడొచ్చాయో సరిపోలుతుందా?

లెక్కల మాస్టారు

గిరాకీ వాటికి కనపడకుండా దాచి ఒకసారి, కనపడేలా పెట్టి ఒకసారి ఆడించండి. గ్రీన్, పోర్టర్ ఒకవైపు, రోటెంబర్గ్, సలోనర్ ఇంకోవైపు. కోడ్‌కుర్రోడు ప్రోగ్రామ్ రాసిపెడతాడు, ఆరోజు 0 వేసి ఆట చెడగొట్టినందుకు జరిమానాగా.

కోడ్‌కుర్రోడు

రాస్తాను. ముందు మార్కర్ నంబరు ఎవరిదో తేల్చండి, పిటిషనర్ గారు నాకంటే ముందు మెసేజ్ పెట్టేలా ఉన్నారు.